మోడల్ ఔట్‌పుట్ స్టాటిస్టిక్స్

మోడల్ ఔట్‌పుట్ స్టాటిస్టిక్స్ అనేది వాతావరణ సూచనలో వాడే ఒక గణాంక పద్ధతి. కంప్యూటర్ నమూనాలు గతంలో లెక్కకట్టి ఇచ్చిన అంకెలను, ఆయా రోజులలో ఒక ఊరిలో నిజంగా నమోదైన కొలతలతో జతపరచి, ఆ రెంటికీ గల సంబంధాన్ని సమీకరణాల రూపంలో రాబట్టి, ఆ సమీకరణాలతో ఆ ఊరి రేపటి వాతావరణాన్ని అంచనా వేయడం ఈ పద్ధతిలోని సారాంశం. ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలను కలిపి దీనిని "మాస్" అని వ్యవహరిస్తారు. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థకు చెందిన హ్యారీ గ్లాన్, డేల్ లౌరీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1972లో ప్రచురించిన వ్యాసం ద్వారా ఇది ప్రసిద్ధిలోకి వచ్చింది. ఉష్ణోగ్రత, వర్ష సంభావ్యత, గాలి, మేఘావరణం, పొగమంచు మొదలైన వాటికి నేటికీ పలు దేశాలలో ఈ పద్ధతి గానీ, దీని నుండి పుట్టిన పద్ధతులు గానీ వాడుకలో ఉన్నాయి.

ఇది కంప్యూటర్ నమూనాకు బదులుగా వచ్చిన పద్ధతి కాదు. నమూనా చేసే పని పూర్తయిన తరువాతనే దీని పని మొదలవుతుంది. అందువలన దీనిని నమూనా ఫలితాలకు చేసే సవరణగా భావించవచ్చు.

అవసరం ఎందుకు కలిగింది

వాతావరణాన్ని భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్కకట్టి చెప్పవచ్చునన్న ఆలోచనకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో ప్రచురించిన గ్రంథంలో ఇట్టి లెక్కను చేతితో చేసి చూపాడు. ఆరు గంటల కాలానికి ఆయనకు వచ్చిన పీడన మార్పు వాస్తవానికి ఏ మాత్రమూ పొంతన లేనిదయినా, మార్గం మాత్రం సరియైనదే. 1950లో జూల్ చార్నీ, రాగ్నర్ ఫ్యోర్టాఫ్ట్, జాన్ వాన్ నాయ్‌మన్ ఎనియాక్ అనే తొలితరం కంప్యూటరు మీద మొదటిసారిగా సఫలమైన సంఖ్యాత్మక సూచన చేశారు. 1955 నుండి అమెరికాలో ఈ లెక్కలు దైనందిన కార్యక్రమమయ్యాయి.

అయితే ఆ నమూనాలు ఇచ్చేది ఏమిటి? నేల నుండి సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున పీడన తలాలు ఎట్లా కదులుతాయి, ఎగువ గాలులు ఎటు వీస్తాయి అన్న సంగతి. రేపు మధ్యాహ్నం తమ ఊరిలో ఎండ ఎంత, సాయంత్రం వాన పడుతుందా అన్నది సామాన్యుని ప్రశ్న. ఈ రెంటికీ మధ్య పెద్ద అగాధం ఉండేది. పటాలను చూచి, అనుభవంతో ఆ అగాధాన్ని దాటవలసిన భారం స్థానిక కార్యాలయంలోని అధికారి మీద పడేది. అనుభవజ్ఞుడు బదిలీ అయిపోతే ఆ అనుభవమూ ఆయనతోనే వెళ్ళిపోయేది.

నమూనాలోని గడుల పరిమాణం మరొక చిక్కు. నమూనా భూమిని గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క విలువనే లెక్కిస్తుంది. 1966లో అమెరికాలో ప్రవేశపెట్టిన ఆరు పొరల ప్రిమిటివ్ ఈక్వేషన్ నమూనాలో గడి వెడల్పు 381 కిలోమీటర్లు. 1971లో వచ్చిన ఎల్.ఎఫ్.ఎం. నమూనాలో అందులో సగం. మన ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. భారతదేశంలో 1990లలో వాడిన టి-80 అనే ప్రపంచ నమూనాలో గడి వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు. ఇంత గడిలో సముద్రపుటొడ్డున ఉన్న విశాఖపట్నమూ, తొమ్మిది వందల మీటర్లకు పైన ఉన్న అరకులోయా రెండూ ఇమిడిపోతాయి. ఉప్పుగాలికి ఉక్కపోసే నగరానికీ, శీతకాలంలో చలిమంటలు వేసుకొనే లోయకూ నమూనా చెప్పేది ఒకే అంకె. అది నగరానికీ సరిపోదు, లోయకూ సరిపోదు.

నమూనాకు తనదైన నిలకడ దోషాలు కూడా ఉంటాయి. ఒకానొక నమూనా ఒకానొక ఊరికి ప్రతి వేసవిలోనూ రెండు మూడు డిగ్రీలు తక్కువగా చెపుతూ ఉండవచ్చు. ఇట్లా ఎల్లప్పుడూ ఒకే దిశలో వచ్చే దోషం వింతగా మేలు చేస్తుంది. దానిని ముందే తెలుసుకొని సరిదిద్దవచ్చు. ఎటు తప్పుతుందో తెలియని దోషాన్ని మాత్రం ఏ గణాంకమూ సరిదిద్దలేదు.

పర్‌ఫెక్ట్ ప్రాగ్ పద్ధతి

ఈ దిశలో మొదటి ప్రయత్నం విలియం క్లైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తది. ఆయన 1959లో సహచరులతో కలిసి ప్రచురించిన పద్ధతికి పర్‌ఫెక్ట్ ప్రాగ్ అని పేరు. ఎగువ వాతావరణంలో నిజంగా కొలిచిన పీడనాలకూ, నేల మీద నిజంగా కొలిచిన ఉష్ణోగ్రతకూ సంబంధాన్ని పాత రికార్డుల నుండి రాబట్టడం ఇందులోని మొదటి మెట్టు. తరువాత, కొలిచిన పీడనాల స్థానంలో నమూనా చెప్పిన రేపటి పీడనాలను వేసి ఉష్ణోగ్రతను లెక్కకట్టడం రెండవ మెట్టు. నమూనా చెప్పినది అక్షరాలా నిజమవుతుందని అనుకొని చేసే లెక్క కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఈ పద్ధతికి ఎన్నో ఏళ్ళ రికార్డులు అందుబాటులో ఉంటాయి. నమూనా మారినా సమీకరణాలను మార్చనక్కరలేదు. కానీ నమూనా తప్పు చెపితే ఆ తప్పు యథాతథంగా సూచనలోకి దిగిపోతుంది. 1960లలో అమెరికాలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సూచనలను ఈ పద్ధతిలోనే తయారు చేసేవారు.

గ్లాన్, లౌరీల పద్ధతి

గ్లాన్, లౌరీ చేసిన మార్పు చూడడానికి చిన్నది. కొలిచిన పీడనాలకు బదులుగా, నమూనా ఆయా రోజులలో ఏమి చెప్పిందో ఆ అంకెలనే భద్రపరచి, వాటికీ ఊరిలో కొలిచిన వాతావరణానికీ సంబంధాన్ని రాబట్టారు. ఫలితంగా నమూనా దోషాలు కూడా సమీకరణంలో భాగమై, వాటి సవరణ తనంతట తానే జరిగిపోతుంది. నమూనా మూడు డిగ్రీలు తక్కువ చెప్పే స్వభావం కలదైతే, సమీకరణం ఆ మూడు డిగ్రీలను కలిపి చెపుతుంది. ఎందుకు తక్కువ చెపుతున్నదో తెలియకపోయినా ఫరవాలేదు.

దీని మూలంగా మరొక ప్రయోజనం కలిగింది. నమూనా ఒకటి రెండు రోజులకు బాగా చెప్పి, ఐదవ రోజుకు తడబడడం సహజం. మాస్‌లో 24 గంటలకు ఒక సమీకరణం, 48 గంటలకు మరొకటి, ఇట్లా వేరువేరుగా ఉంటాయి. అందువలన నమూనాను ఎంత దూరానికి ఎంత నమ్మవలెనో కూడా సమీకరణంలోనే ఇమిడి ఉంటుంది.

ఈ కృషి అంతా అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థలోని టెక్నిక్స్ డెవలప్‌మెంట్ లాబొరేటరీలో జరిగింది. విశేషమేమంటే పాత పద్ధతికి ఆద్యుడైన క్లైన్ ఈ ప్రయోగశాలకు సంచాలకుడు. తన పద్ధతిని వెనక్కి నెట్టే పద్ధతిని ఆయన అడ్డగించలేదు సరికదా, 1974లో గ్లాన్‌తో కలిసి దానిని గురించి వ్యాసం వ్రాశాడు. 1972లో వర్ష సంభావ్యత సూచనలు, 1973లో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సూచనలు కొత్త పద్ధతిలోకి మారాయి. ఆ దశాబ్దం ముగిసే లోపల గాలి, మేఘాలు, ఉరుములతో కూడిన వాన, మేఘపుటడుగు ఎత్తు, దృష్టిదూరం వంటివి కూడా చేరాయి. ఈ చివరి రెండూ విమానాశ్రయాలకు ప్రాణప్రదమైనవి.

సమీకరణం తయారయ్యే విధం

మాస్ సమీకరణాలలో అత్యధిక భాగం బహుళ ప్రతిగమన సమీకరణాలు. డిగ్రీ తరగతి గణాంకశాస్త్రంలో చెప్పే కనిష్ఠ వర్గాల పద్ధతే వీటికి ఆధారం. కనుగొనవలసిన రాశి, అనగా ఊరి గరిష్ఠ ఉష్ణోగ్రత వంటిది, ఒక పక్కన ఉంటుంది. దానిని చెప్పగల రాశులు రెండవ పక్కన ఉంటాయి. ఈ రాశులు మూడు రకాలు. మొదటివి నమూనా చెప్పినవి: వివిధ ఎత్తులలో ఉష్ణోగ్రత, ఆర్ద్రత, గాలి, పీడన తలాల మధ్య మందం మొదలైనవి. రెండవవి ఆ ఊరిలో తాజాగా కొలిచినవి. మూడవవి ఋతువును తెలిపేవి. సంవత్సరంలో ఎన్నవ రోజో దాని సైన్, కొసైన్ విలువలను వాడడం ఇందుకు సామాన్యంగా అనుసరించే ఉపాయం.

అందుబాటులో ఉన్న రాశులు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో అన్నిటికంటె ఎక్కువ వివరించగలదానిని ముందు ఎన్నుకొని, అది వివరించలేక మిగిల్చిన భాగాన్ని బాగా వివరించగల రెండవదానిని తరువాత చేర్చి, ఇట్లా ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోతారు. కొత్తగా చేర్చినది పెద్దగా లాభం కలిగించకపోతే అక్కడితో ఆపుతారు. ఆపడం ముఖ్యం. రాశులు మరీ ఎక్కువైతే సమీకరణం పాత రికార్డును అద్భుతంగా వర్ణిస్తుంది గానీ రేపటిని చెప్పలేదు. పాత ప్రశ్నపత్రాల జవాబులను బట్టీపట్టిన విద్యార్థి కొత్త ప్రశ్నకు తెల్లమొగం వేసినట్లే ఇదీను. అందుకే సమీకరణం తయారు చేయడానికి వాడని మరొక సంవత్సరపు అంకెల మీద దానిని పరీక్షించి చూస్తారు.

ఒక ఊహాత్మక ఉదాహరణను చూడవచ్చు. ఇందులోని అంకెలు వివరణ కొరకు కల్పించినవే. తీరానికి కొంత లోపలగా ఉన్న ఒక ఊరికి మే నెలలో మరునాటి గరిష్ఠ ఉష్ణోగ్రతకు వచ్చిన సమీకరణం ఈ విధంగా ఉన్నదనుకుందాం:

గరిష్ఠ ఉష్ణోగ్రత = 8 + 0.9 × నమూనా ఉష్ణోగ్రత − 0.05 × నమూనా సాపేక్ష ఆర్ద్రత

నమూనా 40 డిగ్రీల ఉష్ణోగ్రతను, 20 శాతం ఆర్ద్రతను చెప్పిన రోజున లెక్క 8 + 36 − 1, అనగా 43 డిగ్రీలు అవుతుంది. నమూనా అదే 40 డిగ్రీలను, 60 శాతం ఆర్ద్రతను చెపితే 8 + 36 − 3, అనగా 41 డిగ్రీలు. మొదటిది పడమటి పొడిగాలి వీచే రోజు, రెండవది సముద్రపు గాలి లోపలి దాకా వచ్చే రోజు. నమూనా తన పెద్ద గడిలో ఈ భేదాన్ని ఉష్ణోగ్రతలో చూపలేకపోయినా, ఆర్ద్రతలో దాని జాడను వదిలింది. సమీకరణం ఆ జాడను పట్టుకున్నది. మాస్ కేవలం ఒక స్థిరమైన అంకెను కలిపే సవరణ కాదనడానికి ఇది నిదర్శనం.

ఉష్ణోగ్రత వంటి వాటికి ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క సమీకరణం ఉంటుంది. ఉరుములు, భారీ వర్షం వంటివి ఒక్క ఊరిలో తక్కువసార్లే సంభవిస్తాయి కాబట్టి, ఒకే తీరు వాతావరణం గల పలు ఊళ్ళ రికార్డులను కలిపి ప్రాంతానికంతటికీ ఒకే సమీకరణాన్ని రాబడతారు. అమెరికాలో చాలావరకు ఏప్రిల్ నుండి సెప్టెంబరు దాకా ఒక వరుస, అక్టోబరు నుండి మార్చి దాకా మరొక వరుస సమీకరణాలను వాడడం ఆనవాయితీ.

సంభావ్యతా సూచనలు

వాన విషయంలో "పడుతుంది", "పడదు" అని తేల్చి చెప్పడం కంటె శాతంలో చెప్పడం మేలని మాస్ మొదటి నుండీ పాటించిన నియమం. వాన పడిన రోజుకు 1, పడని రోజుకు 0 అని విలువలు ఇచ్చి ప్రతిగమనం చేస్తే, వచ్చే జవాబు సున్నకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా ఉంటుంది. దానినే సంభావ్యతగా తీసుకుంటారు. రాబర్ట్ మిల్లర్ 1964లో వివరించిన పద్ధతి ఇది. అప్పుడప్పుడు జవాబు సున్నకు తక్కువగానో, ఒకటికి ఎక్కువగానో రావడం దీనిలోని లోపం. అట్టి వాటిని హద్దుల వద్దకు తెచ్చి సరిపెడతారు.

వర్ష సంభావ్యత 30 శాతం అంటే ఊరిలో 30 శాతం భాగంలో వాన పడుతుందని గానీ, 30 శాతం సేపు పడుతుందని గానీ అర్థం కాదు. ఇట్లా 30 శాతం అని చెప్పిన పది సందర్భాలను ఏరి చూస్తే, వాటిలో సుమారు మూడింటిలో ఆ కొలత కేంద్రంలో వాన నమోదై ఉంటుందని అర్థం. అమెరికాలో ఇందుకు కనీస వర్షం అంగుళంలో నూరవ వంతు, అనగా సుమారు పావు మిల్లీమీటరు. భారతదేశంలో వర్షదినం అనిపించుకోవడానికి 2.5 మిల్లీమీటర్లు కావాలి. రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఈ భేదాన్ని మరచిపోవడం కద్దు.

ఇట్టి సూచన మంచిదో కాదో తేల్చడానికి గ్లెన్ బ్రియర్ 1950లో ప్రతిపాదించిన కొలమానాన్ని వాడతారు. చెప్పిన సంభావ్యతకూ జరిగినదానికీ గల తేడాను వర్గం చేసి సగటు కట్టడమే అది. 70 శాతం అని చెప్పిన రోజున వాన పడితే దోషం 0.09, పడకపోతే 0.49. ధైర్యంగా 100 శాతం అని చెప్పి తప్పితే దోషం 1. తెలియని చోట తెలిసినట్లు చెప్పినవారికి గట్టి శిక్ష పడే ఏర్పాటు ఇది.

నమూనా మారితే వచ్చే చిక్కు

మాస్‌కు బలం ఎక్కడ ఉన్నదో బలహీనత కూడా అక్కడే ఉన్నది. సమీకరణం ఒక నమూనా దోషాలను నేర్చుకున్నది. ఆ నమూనాను శాస్త్రవేత్తలు మెరుగుపరిస్తే దోషం పోతుంది గానీ, సవరణ మాత్రం మిగిలిపోతుంది.

పై ఉదాహరణనే తీసుకుంటే, నమూనాలో నేల తేమను లెక్కించే భాగాన్ని సరిచేసి, మూడు డిగ్రీల లోటును తొలగించారనుకుందాం. నిజంగా 43 డిగ్రీలు రాబోయే రోజున కొత్త నమూనా చక్కగా 43 అని చెపుతుంది. పాత సమీకరణం దానికి తన అలవాటు ప్రకారం కలిపి 8 + 38.7 − 1, అనగా 45.7 డిగ్రీలని చెపుతుంది. భారత వాతావరణ శాఖ నియమం ప్రకారం మైదాన ప్రాంతంలో 45 డిగ్రీలను చేరితే వడగాడ్పుగా పరిగణిస్తారు. అనగా నమూనా మెరుగుపడిన ఫలితంగా ఒక తప్పుడు హెచ్చరిక పుట్టింది.

దీనికి పరిష్కారం కొత్త సమీకరణాలు తయారు చేయడమే. కానీ వాటికి కొత్త నమూనా ఇచ్చిన అంకెలు కనీసం రెండేళ్ళవి కావాలి. అంతలో నమూనాను మళ్ళీ మారుస్తారు. నమూనా తయారుచేసేవారికీ, సమీకరణాలు తయారుచేసేవారికీ మధ్య ఈ పేచీ దశాబ్దాల పాటు సాగింది. ఇరుపక్షాల వాదనలోనూ న్యాయం ఉన్నది. దోషం తెలిసి కూడా నమూనాను సరిచేయకుండా ఉంచమనడం శాస్త్రవేత్తకు మింగుడుపడదు. సరిచేసిన మరునాడు సూచనలు చెడిపోతే జనానికి జవాబు చెప్పవలసినది క్షేత్రస్థాయి అధికారి.

అమెరికాలో 1985లో ప్రవేశపెట్టిన నెస్టెడ్ గ్రిడ్ నమూనా చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. కొత్తగా వచ్చినది కాబట్టి దానికి పాత అంకెలు లేవు, కనుక మాస్ సాధ్యం కాలేదు. 1987లో పాత పర్‌ఫెక్ట్ ప్రాగ్ పద్ధతిలోనే దానికి మార్గదర్శక సూచనలు ఏర్పాటు చేశారు. తగినన్ని అంకెలు పోగైన తరువాత, 1989లో ఆ నమూనా మీద ఆధారపడిన కొత్త మాస్ సూచనలను ప్రవేశపెట్టారు. ఉష్ణోగ్రత, వర్ష సంభావ్యత, మేఘావరణం, గాలి ఇందులో ఉన్నాయి. ఆ తరువాత, 1990ల ఆరంభం నుండి ఆ నమూనాను మార్చకుండా అట్లాగే ఉంచారు. ఇతర నమూనాలు దానిని దాటిపోయినా, స్థిరంగా ఉండడం వలన దాని మీది మాస్ చాలాకాలం ఆదరణ పొందింది. ముసలిదైనా గుణం తెలిసిన ఎద్దుతో దున్నుకోవడం వంటిదే ఇది.

2000లో ప్రపంచ నమూనా మీద, 2002లో ఈటా నమూనా మీద కొత్త మాస్ సూచనలు వచ్చాయి. టామ్ హామిల్, జెఫ్రీ విటేకర్ ప్రభృతులు 2004 నుండి ప్రచురించిన వ్యాసాలలో మరొక మార్గాన్ని చూపారు. ఒక నమూనాను స్థిరపరచి, దానితో 1979 నుండి గడచిన రోజులన్నిటికీ తిరిగి సూచనలు లెక్కింపజేస్తే, రెండేళ్ళకు బదులు రెండు దశాబ్దాలకు పైబడిన అంకెలు ఒక్కసారిగా చేతికి వస్తాయి. దీనికి కంప్యూటర్ సమయం అపారంగా కావాలి. అయినా అరుదైన భారీ వర్షాల విషయంలో లాభం స్పష్టంగా కనిపించడంతో ఈ పద్ధతి తరువాత పలు కేంద్రాలకు వ్యాపించింది. కెనడావారు వేరొక దారి తొక్కారు. నమూనా మారిన కొద్దీ కొత్త అంకెలకు ఎక్కువ బరువిస్తూ సమీకరణాలను ఎప్పటికప్పుడు నవీకరించే పద్ధతిని లారెన్స్ విల్సన్, మార్సెల్ వాలే 2002లో వివరించారు.

అసాధారణమైన దినాలు

కనిష్ఠ వర్గాల పద్ధతికి ఒక సహజ స్వభావం ఉన్నది. నమ్మకం తగ్గిన కొద్దీ అది సగటు వైపు ఒరుగుతుంది. మొదటి రోజుకు నమూనా ఉష్ణోగ్రతకు 0.9 గుణకం ఉన్న ఊరికే, ఏడవ రోజుకు గుణకం 0.4కు పడిపోయి, సమీకరణం 26 + 0.4 × నమూనా ఉష్ణోగ్రత − 0.05 × ఆర్ద్రతగా మారిందనుకుందాం. నమూనా 20 శాతం ఆర్ద్రతతో 40 డిగ్రీలని చెపితే 41 వస్తుంది. నమూనా 46 అని కేక పెట్టినా వచ్చేది 43.4 మాత్రమే. గణాంకపరంగా ఇందులో తప్పు లేదు. ఏడవ రోజుకు నమూనా కేకలు చాలావరకు వట్టివే కాబట్టి, సగటు మీద ఇదే తక్కువ దోషాన్ని ఇస్తుంది.

కానీ మనుషులు చనిపోయేది సగటు రోజులలో కాదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో అధికులు ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు. అట్టి వారానికి ముందు 43 అని చెప్పడానికీ 46 అని చెప్పడానికీ మధ్య ఉన్నది మూడు డిగ్రీల తేడా మాత్రమే కాదు. ఉపాధి పనుల వేళలు మార్చడం, చలివేంద్రాలు పెట్టడం, ఆసుపత్రులలో ఏర్పాట్లు చేయడం ఆ తేడా మీద ఆధారపడి ఉంటాయి. కనుక ఒక్క అంకెకు బదులుగా, 45 దాటే అవకాశం ఎంత శాతం అన్న రూపంలో కూడా సూచన వెలువడవలసి ఉంటుంది.

గాలి వేగంలోనూ ఇదే ఇబ్బంది. సమీకరణాలు గట్టి గాలులను ఎప్పుడూ తక్కువగా చెపుతాయి. అందుకని వచ్చిన విలువను సగటు నుండి దూరంగా కొంత సాగదీసే ఏర్పాటు మాస్‌లో చేశారు. దీని వలన సగటు దోషం కాస్త పెరుగుతుంది గానీ, గట్టి గాలుల హెచ్చరికలు మెరుగుపడతాయి.

మార్గదర్శకమా, సూచనా

మాస్ ఫలితాలను అమెరికా సంస్థ మొదటి నుండీ మార్గదర్శకం అనే పిలిచింది. వాటిని చూచి, ఉపగ్రహ చిత్రాలు, రాడార్, స్థానిక జ్ఞానం జోడించి తుది సూచన వెలువరించవలసిన బాధ్యత అధికారిదే. ఆచరణలో ఇది ఎంతవరకు జరిగినది అన్నది వివాదాస్పదం. లియొనార్డ్ స్నెల్‌మన్ 1977లోనే ఈ విషయమై హెచ్చరించాడు. యంత్రం ఇచ్చిన అంకెను ఆలోచించకుండా ఎత్తివ్రాయడం అలవాటైతే అధికారుల నైపుణ్యం క్రమంగా నశించిపోతుందని చెపుతూ, ఆయన దానిని వాతావరణశాస్త్రానికి పట్టిన పుట్టకురుపుతో పోల్చాడు.

అంకెలు మాత్రం మరొక కథ చెపుతున్నాయి. పలు నమూనాల మాస్ ఫలితాలకు సగటు కడితే అది ఏ ఒక్కదాని కంటె మెరుగని రాబర్ట్ విస్‌లాకీ, మైకేల్ ఫ్రిట్ష్ 1995లో నిరూపించారు. జెఫ్ బార్స్, క్లిఫర్డ్ మాస్ 2005లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, అట్టి సగటు సూచనలు ఉష్ణోగ్రతలోనూ, వర్ష సంభావ్యతలోనూ అధికారుల సూచనలతో సమానంగానో, వాటికంటె మెరుగుగానో ఉన్నాయి. ఈ రచయిత ఇంటిపేరుకూ పద్ధతి పేరుకూ పోలిక కేవలం కాకతాళీయం. మనిషి పైచేయి నిలిచిన చోట్లు ప్రధానంగా రెండు: మొదటి పన్నెండు గంటలు, ఋతువుకు విరుద్ధంగా ప్రవర్తించే అసాధారణ దినాలు. రెండవది పైన చెప్పిన బలహీనతే కావడం గమనార్హం.

భారతదేశంలో

ప్రతిగమన సమీకరణాలతో వాతావరణం చెప్పడం భారతదేశానికి కొత్త కాదు. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, దూరదేశాల పీడనం, వర్షం, మంచు వంటి రాశులతో ఋతుపవన వర్షాన్ని ముందుగా చెప్పడానికి సహసంబంధాలను వాడాడు. అది ఋతువు మొత్తానికి చెప్పే సూచన. అప్పటికి కంప్యూటర్ నమూనా అన్న ప్రసక్తే లేదు. అయినా ఆలోచనా సరళిలో బంధుత్వం ఉన్నది.

1988లో ఢిల్లీలో జాతీయ మధ్యమ వ్యవధి వాతావరణ సూచన కేంద్రం ఏర్పడింది. రైతులకు మూడు నాలుగు రోజుల ముందు సూచన అందజేయడం దాని ప్రధానోద్దేశాలలో ఒకటి. 1991 నుండి వ్యవసాయ విశ్వవిద్యాలయాల సహకారంతో ప్రయోగాత్మకంగా సలహాలు మొదలయ్యాయి. నమూనా అంకెలను నేరుగా వాడితే ఊరి వాతావరణానికి సరిపోకపోవడంతో, ఇక్కడ కూడా ముందు పర్‌ఫెక్ట్ ప్రాగ్ పద్ధతిని ఆశ్రయించవలసి వచ్చింది. అశోక్ కుమార్, పర్వీందర్ మైనీ, ఎల్.ఎస్. రాథోడ్ ప్రభృతులు ఈ కృషిని గురించి వ్యాసాలు వెలువరించారు.

ఋతుపవన వర్షం విషయంలో ఈ పద్ధతులకు ఎదురయ్యే కష్టం ఐరోపా, అమెరికా దేశాలలో కంటె ఎక్కువ. అక్కడి శీతకాలపు వాన పెద్ద పెద్ద వాయుగుండాల వెంట వస్తుంది, నమూనా వాటిని చక్కగా పట్టుకుంటుంది. ఇక్కడ ఒక మండలంలో కుండపోతగా కురిసి పక్క మండలంలో చినుకు రాలని రోజులు కోకొల్లలు. వర్షం పరిమాణం సామాన్య విభాజనాన్ని అనుసరించదు కాబట్టి ప్రతిగమనానికి ముందు ఘనమూలం వంటి రూపాంతరాలు చేయవలసి వస్తుంది. ఉష్ణోగ్రత సూచనలలో లభించిన మెరుగుదల వర్షపాతంలో లభించలేదనే చెప్పాలి.

భారత వాతావరణ శాఖ 2008 జూన్ నుండి జిల్లా స్థాయిలో ఐదు రోజుల సూచనలను ప్రారంభించింది. పలు దేశాల నమూనాలకు వాటి గత ప్రతిభను బట్టి బరువులు కేటాయించి కలపడం ఇందులోని విధానం. ఈ బరువులను ప్రతిగమనంతో నిర్ణయించే ఆలోచనకు "సూపర్ ఎన్‌సెంబుల్" అన్న పేరుతో 1999లో ప్రాచుర్యం కల్పించినవాడు ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టి.ఎన్. కృష్ణమూర్తి. ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఎం.ఎస్సీ. చదివిన విద్యార్థి. తరువాత షికాగోలో డాక్టరేటు పొందారు. 2018లో మరణించారు.

తరువాతి పరిణామాలు

మొదట ఊళ్ళకే పరిమితమైన మాస్‌ను, కొలత కేంద్రాలు లేని చోట్లకు కూడా విస్తరించి దేశమంతటా జాలకంగా పరచే పనిని గ్లాన్, సహచరులు చేపట్టారు. దీనిపై వారి వ్యాసం 2009లో వెలువడింది. 1972లో మొదటి వ్యాసం వ్రాసిన వ్యక్తే ముప్పైఏడేళ్ళ తరువాత కూడా అదే పనిని సాగించడం అరుదైన విషయం. ఒకే సూచనకు బదులుగా అనేక సూచనల సమూహాన్ని తయారుచేసే విధానం వచ్చిన తరువాత, ఆ సమూహం సగటునూ విస్తృతినీ రెంటినీ సవరించే పద్ధతులు పుట్టాయి. 2005లో టిల్మన్ నైటింగ్, ఏడ్రియన్ రాఫ్టరీ ప్రభృతులు ప్రచురించినవి వీటిలో ముఖ్యమైనవి. అమెరికాలో 2016 నుండి "నేషనల్ బ్లెండ్ ఆఫ్ మోడల్స్" అనే పేరుతో పలు నమూనాలను సవరించి కలిపే ఏర్పాటు నడుస్తున్నది.

ఇటీవల భౌతిక సమీకరణాలు లేకుండా, పాత వాతావరణ రికార్డుల నుండి నేరుగా నేర్చుకొనే కృత్రిమ మేధా నమూనాలు వచ్చాయి. ఐరోపా మధ్యమ వ్యవధి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అట్టి నమూనాను దైనందిన వినియోగంలోకి తెచ్చింది. సగటు దోషాన్ని తగ్గించడమే లక్ష్యంగా శిక్షణ పొందిన ఇట్టి నమూనాలు కూడా దూరపు రోజులకు సగటు వైపు ఒరిగి, తీవ్రతలను నునుపు చేయడం కనిపిస్తున్నది. 1970లలో గాలి సమీకరణాలకు ఎదురైన సమస్యే ఇది.